పోయిరా అన్నందుకు

నా చిన్నప్పుడు తిరుపతిలో మేము బాడుగకు ఉన్న ఇంటికి కాగితం లేదు. అడ్వాన్సు లేదు, సంతకం లేదు, సాక్షి లేడు. ఈ మాట చెబితే మా నాయనను ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు. ఆయన బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గుమాస్తా. యాత్రికుడు రిజిస్టరులో ఊరూ పేరూ రాసి సంతకం పెట్టనిదే స్నానానికి బకెట్టు కూడా ఇచ్చేవాడు కాదు. అలాంటి మనిషి తన కాపురాన్ని మాత్రం ఒక ముసలామె నోటిమాట మీద పెట్టుకున్నాడు.

ఆమెను మేము ఇంటి అవ్వ అనేవాళ్ళం. ఇల్లు ఆమెది. తను మాత్రం పక్క సందులో ఒక చిన్న గదిలో ఒక్కతే ఉండేది. మా వాళ్ళు ఇల్లు అడగడానికి వెళ్ళిన రోజు మా నాయన స్టాంపు పేపరు సంగతి ఎత్తితే ఆమె ముఖం ముడుచుకుందట. "కాగితమెందుకప్పా? నేను మాట తప్పితే అది నన్ను పట్టుకొస్తాదా, నువ్వు తప్పితే నిన్ను పట్టుకొస్తాదా?" అని, చేతిలో ఆకూ వక్కా పెట్టి తాళంచెవి ఇచ్చేసిందట. మా అమ్మ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో, నేనే అక్కడ ఉండి విన్నట్టు గుర్తు.

ప్రతి నెలా ఒకటో తేదీన, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక అవ్వ వచ్చేది. లోపలికి మాత్రం రాదు. బాడుగకిచ్చిన ఇల్లు ఇంకొకరి ఇల్లు, ఇంకొకరి ఇంట్లోకి డబ్బు కోసం అడుగు పెట్టకూడదు అనేది ఆమె పట్టుదల. వాకిలి పక్కన రాతి తిన్నె మీద, ఎప్పుడూ ఒకే చోట, తలుపుకు దగ్గరగా కూర్చునేది. పొట్టి మనిషి. కాళ్ళు కిందికి వేలాడేస్తే మడమలు మా అమ్మ వేసిన ముగ్గు అంచుకు తగిలీ తగలనట్టుండేవి. ఆ తిన్నె మీద పడుకునే వీధికుక్క ఆమె మలుపు తిరగక ముందే లేచి వీధిలోకి వెళ్ళి నిలబడేది. నేను ఉప్పు వేయని మజ్జిగ గ్లాసుతో తెచ్చిచ్చేదాన్ని. ఆమె తాగి, బాడుగ కొంగున ముడేసుకుని లేచేది. "పోయిరా అవ్వా" అనేదాన్ని. "వస్తాలే పాపా" అనేది. మా వైపు ఎవరినీ పో అని సాగనంపరు. పోయిరా అంటారు. నాకు మాటలు వచ్చినప్పటినుంచీ నేర్పిన మర్యాద అది.

ఒక ఏడు ఎండలు ముదరక ముందే, నెల మధ్యలో అవ్వ చనిపోయింది. పిల్లలు లేరు. ఎవరో దూరపు బంధువులు వచ్చి కార్యం చేసి వెళ్ళిపోయారు. పాడె మా వీధి మీదుగానే తీసుకెళ్ళారు. వీధిలో ఆడవాళ్ళంతా వాకిళ్ళలో నిలబడి చూస్తున్నారు. నేను తిన్నె మీద నిలబడ్డాను. పాడె మా ఇంటి ముందుకు వచ్చేసరికి, ఇంతమంది ఉండీ ఎవరూ ఆమెకు ఒక్క మాట చెప్పడం లేదే అనిపించింది. నేను గట్టిగా, అందరికీ వినపడేలా, "పోయిరా అవ్వా! ఒకటో తేదీకి వచ్చేయ్!" అన్నాను.

పాడె మోసేవాళ్ళలో ఒకతను తల తిప్పి చూశాడు. చావు జరిగిన చోట ఆ మాట ఎవరూ అనరనీ, పరామర్శకు వెళ్ళినవాళ్ళు కూడా వస్తామని చెప్పకుండానే లేచి వచ్చేస్తారనీ నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పనిది నాకెలా తెలుస్తుంది? పక్కింటి పిన్నమ్మ నా చేయి పట్టి లాగి, మోచేతి పైన తొడపాశం పెట్టింది. "చచ్చినోళ్ళని రమ్మంటారా పాపా? నోరా అది, ఊరి వాకిలా?" అంది. ఆ మచ్చ కొన్నాళ్ళకు పోయింది. నా లెక్కలో నుంచి మాత్రం ఇంతవరకు పోలేదు.

తర్వాతి ఒకటో తేదీన మా నాయన బాడుగ డబ్బు పక్కన పెట్టలేదు. మా అమ్మ అడిగితే, "ఎవరికియ్యాల? యాడుండారు? కాగితం ఉండాదా? వద్దన్నది ఆ యమ్మే కదా" అన్నాడు. ఆ డబ్బుతో ఇంట్లోకి ఒక టేబుల్ ఫ్యాను వచ్చింది. దాని ముందు కూర్చునే భాగ్యం నాకు దక్కలేదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

ఆ రోజు మధ్యాహ్నం నేను వాకిట్లో అచ్చనగాయలు ఆడుకుంటున్నాను. తిన్నె మీద నిద్రపోతున్న కుక్క తల ఎత్తింది. కిందికి దిగి, వీధిలోకి పోయి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడింది. మలుపు దగ్గర ఎవరూ లేరు. ఎండ మాత్రం తెల్లగా కాస్తోంది. చాలాసేపటికి కుక్క తిరిగి వచ్చి పడుకుంది. అయితే అది పడుకున్నది తిన్నెకు ఆ చివర.

నేను మా అమ్మను పిలుచుకొచ్చాను. ఆ వేళకు మా తిన్నె బండ మీద అప్పడం పెడితే వేగేటట్టు ఉంటుంది. అవ్వ కూర్చునే చోట మా అమ్మ అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేసింది. నేనూ ఆనించాను. నీళ్ళ కుండ అప్పుడే ఎత్తేసిన చోటులా చల్లగా ఉంది. ఒక జానెడు అవతల చెయ్యి పెడితే కాలింది. పొద్దున వేసిన ముగ్గు అంచున, ఆ చోటుకు సరిగ్గా కింద, పిండి రెండు చోట్ల చెరిగి ఉంది. మనిషి నడిచి వెళ్ళినట్టు కాదు. మడమలు ఆనించి కూర్చున్నట్టు.

మా అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని లోపలికి వెళ్ళింది. ఆ మర్నాటి నుంచి ఆమె పెరటి వాకిలి గుండానే బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి ఒకటో తేదీనా అదే జరిగింది, ఆపై నెలా అదే. వచ్చినది లోపలికి రాలేదు. తలుపు తట్టలేదు. ఎవరినీ ఏమీ చేయలేదు. వచ్చి కూర్చుని, కాసేపు చూసి, వెళ్ళిపోయేది. ఎవరైనా తిట్టి పోతే మనసు తేలికపడుతుంది. ఏమీ అడగకుండా వాకిట్లో కూర్చున్న మనిషి ఎంత బరువో ఆ వేసవిలో మా ఇంటిల్లిపాదికీ తెలిసింది.

పక్కింటి పిన్నమ్మ ఊరుకోలేదు. "ఆ పాపే పిలిచినాది. పిలిస్తే రారా మరి?" అని కొళాయి దగ్గర బిందె వంచిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. నాతో ఆడుకునే పిల్లలు రావడం మానేశారు. ఒకసారి నేను ఆటకు చింతబొట్లు, అదే చింతగింజలు, అడిగితే ఒక పిల్ల ఇవ్వకుండా, "మీ అవ్వనడుగు పో" అని పారిపోయింది. ఆ పిల్ల పేరు నాకు తెలుసు. మర్యాద కొద్దీ రాయడం లేదు.

వీటన్నిటినీ నేను ఓర్చుకునేదాన్నేమో. ఓర్చుకోలేనిది మా నాయన మాట. ఒక పూట అన్నం ముందు కూర్చుని, నావైపు చూడకుండా మా అమ్మతో, "అంతా ఈ నోటివల్లే. బడి తెరిచేలోగా దీన్ని మా అక్క వాళ్ళ పల్లెలో వదిలిపెడతాను. పిలిచినది ఈడ లేకపోతే, వచ్చేది కూడా రాదు" అన్నాడు. ఆ పల్లెలో నా వయసు వాళ్ళకు బడి లేదు. మేనత్త ఇంట్లో పేడకళ్ళు ఎత్తుతూ ఉండిపోవడమే. నేను అన్నం వదిలేసి లేచాను. నన్నెవరూ తిరిగి కూర్చోమనలేదు.

అప్పుడు మా అమ్మ నగరిలో ఉన్న మా తాతయ్యకు కబురు పెట్టింది. ఆయన మా అమ్మ నాయన. వయసులో ఉన్నంతకాలం గుడి పోటులో, అంటే స్వామివారి వంటింట్లో, పొయ్యి దగ్గర నిలబడిన మనిషి. కాళ్ళు సహకరించక మానుకుని కొడుకు దగ్గర ఉంటున్నాడు. చేతిసంచితో బస్సు దిగి వచ్చి, ముందు వాకిలి నుంచే లోపలికి నడిచాడు. నడుస్తూ తిన్నె వైపు చూసి, పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే చేసినట్టు కొంచెం తల వంచాడు. అది నేను ఒక్కదాన్నే చూశాను.

అందరి మాటలూ విన్నాక ఆయన నన్ను దగ్గరకు పిలిచి, నేను అవ్వతో అన్నది యథాతథంగా చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకో తొడపాశం వస్తుందేమోనని చేయి వెనక్కి పెట్టుకుని మరీ చెప్పాను. ఆయన, "తప్పేముండాది? ఇన్నాళ్ళు మనల్ని ఇంట్లో ఉండనిచ్చిన మనిషికి ఒక మంచి మాట చెప్పింది బిడ్డ" అన్నాడు. ఆ ఇంట్లో, ఆ వీధిలో, నా పక్షాన పలికిన మొదటి నోరు అది. తర్వాత మా నాయన వైపు తిరిగి, "పిలిస్తే వచ్చినామెను వట్టి చేతులతో పంపతా ఉండారే, అదప్పా తప్పు. ఇంట్లో నుంచి పోవాల్సింది పాప కాదు, బాడుగ" అన్నాడు.

మా నాయన నవ్వాడు. "దయ్యానికి బాడుగ కట్టమంటావా మామా? రసీదు ఎవరిస్తారు?"

"నువ్వు నమ్మవా?"

"నేను చదువుకున్నోడిని."

"మరి ముందు వాకిలి వదిలేసి, దొంగ మాదిరి పెరటిలో నుంచి ఎందుకొస్తా ఉండావు అల్లుడా?"

మా నాయన ఫ్యాను కట్టేసి లాడ్జికి వెళ్ళిపోయాడు. పెరటి వాకిలి గుండానే.

మళ్ళీ ఒకటో తేదీ వచ్చింది. ఎండలు అప్పటికీ తగ్గలేదు. తాతయ్య పొద్దున్నే తలారా నీళ్ళు పోసుకుని, నామం పెట్టుకుని, నాతో మజ్జిగ చిలికించాడు. ఉప్పు వేయనివ్వలేదు. మా నాయన ఆ రోజు భోజనానికి వచ్చి మళ్ళీ లాడ్జికి పోకుండా ఎందుకో నడవాలో తచ్చాడుతున్నాడు. తిన్నె మీద కుక్క లేచిన చప్పుడు విని ఆయన ముఖం మారడం నేను చూశాను. తాతయ్య చేయి చాచాడు. మా నాయన బాడుగ తీసి ఆ చేతిలో పెట్టాడు.

తాతయ్య డబ్బును అవ్వ కూర్చునే చోట పెట్టి, దాని పక్కన మజ్జిగ గ్లాసు ఉంచాడు. తన ఉత్తరీయం విప్పి, రెండు చేతులతో తెరలాగా పట్టుకున్నాడు. మమ్మల్నందరినీ గోడవైపు తిరగమన్నాడు. గుడిలో స్వామికి ఆరగింపు పెట్టేటప్పుడు అలాగే తెర వేస్తారట. వండినవాడు కూడా వాసన చూడకూడదు, తొంగి చూడకూడదు. స్వామి తిన్నాడా లేదా అని ఎవరూ అడగరు. "పెట్టడం వరకే మన పని" అన్నాడు.

గోడవైపు తిరిగి నిలబడ్డాను. సున్నం పెచ్చులు కళ్ళకు అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. వీపుకు ఎండ తగులుతోంది. ఉన్నట్టుండి ఎడమ భుజం మీద, తిన్నె వైపున, నీడ పడినట్టు చల్లబడింది. వక్కాకులో కలిపే సున్నం వాసన వచ్చింది. నా ముందున్న గోడ సున్నం వాసన అయ్యుండొచ్చు. కాదని నేను అంటాను, ఔనని మా అమ్మ అనేది. ఈ విషయంలో మాకు చివరిదాకా కుదరలేదు.

"అయింది" అన్నాడు తాతయ్య.

తిరిగి చూస్తే తిన్నె మీద డబ్బు లేదు. గ్లాసు ఖాళీగా ఉంది. మా నాయన, "పాత నెలలవి కూడా... కొంచెం కొంచెంగా..." అన్నాడు. మాతో కాదు. తిన్నె వైపు చూస్తూ అన్నాడు.

నన్ను పల్లెకు పంపే మాట అక్కడితో ఆగింది. తాతయ్య నగరి తిరిగి వెళ్ళకుండా ఆ కొన్ని నెలలూ మాతోనే ఉన్నాడు. ప్రతి ఒకటో తేదీన కుక్క లేవడం, మేము గోడవైపు తిరగడం, మా నాయన బాడుగతో పాటు పాతబాకీ కొంత చేర్చి ఇవ్వడం. ముగ్గు మాత్రం అదే చోట చెరిగేది.

అరవవాళ్ళు స్వామికి మొక్కులు తీర్చుకునే పెరటాసి నెల వచ్చింది. కొండకు వచ్చే అరవదేశపు యాత్రికులతో ఊరు కిక్కిరిసింది. లాడ్జిలో క్షణం తీరిక లేకపోయినా మా నాయన ఒకటో తేదీ మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. మేము ఇంకా తెర పట్టలేదు. కుక్క లేచి వీధిలోకి వెళ్ళింది. నేను మలుపు వైపు చూశాను. ప్రతిసారీ ఖాళీగా ఉండే ఆ మలుపు దగ్గర ఈసారి ఒక మనిషి కనిపించింది.

పొట్టి మనిషి. అదే నడక. దగ్గరకు వచ్చింది. మమ్మల్ని పలకరించకుండా, ఎక్కడ కూర్చోవాలో అడగకుండా, తిన్నె మీద తలుపు పక్కన అదే చోట కూర్చుంది. మడమలు ముగ్గు అంచున ఆనాయి. మా అమ్మ చేతిలోని గ్లాసు జారి వాకిట్లో మోగింది. మా నాయన తలుపు రెక్క పట్టుకున్నాడు. నాకు మాత్రం భయం వేయలేదు. రమ్మన్నాను, వచ్చింది అనుకున్నాను. గ్లాసు ఎత్తి, కడిగి, మళ్ళీ మజ్జిగ పోసి ఆమె చేతికిచ్చాను.

ఆమె ఒక గుక్క తాగి, ముఖం తుడుచుకుంది. అప్పుడు చూశాను, వయసు అవ్వలో సగమే. "ఉప్పెయ్యలేదే పాపా, నీకెట్లా తెలుసు?" అని నవ్వి, తను అవ్వ చెల్లెలి కూతురినని చెప్పింది. సూళ్ళూరుపేట నుంచి వచ్చిందట. పెద్దమ్మ పోయిన సంగతి ఆలస్యంగా తెలిసిందట. ఇంటి పత్రాలు పెద్దమ్మ ఎప్పుడో తన చేతికిచ్చి ఉంచిందట.

"లోపలికి రామ్మా" అంది మా అమ్మ.

"వద్దమ్మా. బాడుగ మాట మాట్లాడేది ఈడనే." ఆమె మా నాయన వైపు చూసింది. "అన్నా, మీ దగ్గర కాగితం లేదు, నా దగ్గరా లేదు. అడగొద్దు, ఎప్పుడో తినేసింటారు అని మా వాళ్ళంతా చెప్పినారు. నేనూ వచ్చేదాన్ని కాదు. ఈ ఎండాకాలం నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన, మజ్జిగ తాగేటప్పుడు నాకు పొలమారతా ఉండాది. ఎవరో తలుచుకుంటా ఉండారు అన్నారు మా అత్త. తలుచుకునేదానికి నాకెవరుండారు? ఈసారి దారిలో బస్సులో కూడా పొలమారింది."

మా నాయన నోరు తెరిచాడు. లాడ్జిలో లేని బాకీలను కూడా రాబట్టగల మనిషి. ఇచ్చేశాము, మీ పెద్దమ్మే వచ్చి తీసుకుంది అని ఎలా చెబుతాడు? అవ్వే తీసుకెళ్ళిన డబ్బును ఈమెకు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు? ఆయన మెడ మీద చెమట కారడం నాకు గుర్తుంది. చాలా బాగా గుర్తుంది.

తాతయ్య లోపలికి వెళ్ళి, బియ్యం కుండలో చెయ్యి పెట్టి, ఒక గుడ్డమూట పైకి తీశాడు. బయటికి వచ్చి, ఆ మూటను ఆమె పక్కన తిన్నె మీద పెట్టాడు. "మీ పెద్దమ్మ బాడుగ. నిలిచిన బాకీతో సహా అంతా ఉండాది. చూసుకోమ్మా." ఆమె విప్పి చూడలేదు. కొంగున ముడేసుకుంది.

మా నాయన తన డబ్బు తన ఇంటి బియ్యంలోనే ఇన్నాళ్ళూ ఉందని గ్రహించి మామగారి వైపు చూసిన చూపు చెప్పలేను. కోపం సగమే. మిగతా సగం, మునిగిపోతుండగా కాలికి నేల తగిలినవాడి ముఖం. ఆమె లేచి నిలబడింది. నేను అలవాటు కొద్దీ, "పోయిరా" అన్నాను. "వస్తాలే పాపా" అంది. ఆమె పోయాక బండ మీద చెయ్యి పెట్టి చూశాను. అంతటా ఒకే వేడి.

ఆ సాయంత్రం తాతయ్యను నిలదీశాను. తెర వెనక డబ్బు తీసింది నువ్వే కదా అన్నాను. ఔనన్నాడు. మరి మజ్జిగ ఎవరు తాగారు అన్నాను. ఆయన నా వైపు చూసి, "పెట్టడం వరకే మన పని అని చెప్పినాను కదా" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అంతే. పోటులో పనిచేసిన మనిషి, ఇంకొకరికి పెట్టిన దాన్ని నోట వేసుకోడు. ఇది మా అమ్మ కూడా ఒప్పుకునేది.

ఆయన నగరి బస్సు ఎక్కే ముందు మా నాయనతో ఒక మాట అన్నాడు. "నిందంతా బిడ్డ మీద వేసినారు. నీ తప్పు లేదమ్మా అని నీ నోటితో పాపకు ఒక్క మాట చెప్పు. వీధిలో వాళ్ళకు వినపడేటట్టు చెప్పు." మా నాయన, "చెప్తాలే మామా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను. మా నాయన మర్నాడే స్టాంపు పేపరు కొనుక్కొచ్చి బాడుగకు సంతకాలు పెట్టించే ఏర్పాటు చేసుకున్నాడు. నాకు చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. నేను పెద్దదాన్నయ్యాను, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఎదురుగా కూర్చుని ఎన్నో కబుర్లు చెప్పాడు. అది తప్ప.

మా నాయన పోయిన రోజు వాకిలి నిండా జనం ఉన్నారు. పక్కింటి పిన్నమ్మ కూడా, నడుము వంగిపోయి, కర్ర పట్టుకుని వచ్చింది. పాడె ఎత్తారు. ఎవరూ ఒక్క మాట అనడం లేదు. నేను ముందుకు వెళ్ళి, అందరికీ వినపడేలా, "పోయిరా నాయనా. ఒకటో తేదీకి వచ్చేయ్" అన్నాను. పిన్నమ్మ నా వైపు చూసింది. నేను చేయి వెనక్కి పెట్టుకోలేదు.

ఇప్పుడు మా ఇంటికి తిన్నె లేదు. గుమ్మం పక్కన ఒక సిమెంటు మెట్టు ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీ మధ్యాహ్నం దాని మీద గ్లాసు మజ్జిగ పెట్టి, కాసేపు గోడవైపు తిరిగి నిలబడతాను. ఉప్పు వేస్తాను, మా నాయనకు ఉప్పు ఉండాలి. గ్లాసు ఖాళీ అయిందా లేదా అని మనవరాలు అడుగుతుంది. నేను చూడను. ఆయన నాకివ్వాల్సిన మాటకు కూడా కాగితం లేదు. అయినా బాకీ బాకీనే. నా భుజం మీద నీడ పడిన రోజుల్లో చెవి ఒగ్గి వింటాను.